గాలిలో గీసిన మీసం

సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ సుబేదార్ గారి మీసాన్ని, హాలు నిండా జనం చూస్తుండగా, కత్తి గానీ కత్తెర గానీ లేకుండా, అల్లంత దూరంలో నిలబడి తీసేసిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది నేనొక్కదాన్నే. నా గొప్పతనం చాటుకోవడానికి చెబుతున్నానని అనుకోకండి. గొప్పతనం చాటుకుందామని వెళితేనే ఆ ఘోరం జరిగింది. మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. కాకపోతే ముందు మీ పై పెదవి ఒకసారి తడిమి చూసుకుని, అక్కడ ఉండాల్సింది ఉందని తేల్చుకుని, ఆ తర్వాత నవ్వండి.

అప్పట్లో నేను సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో, అన్వర్ భాయ్ ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పెళ్ళికొడుకుల బుగ్గల మీద మొటిమలు తుడవడం, పుట్టినరోజు పెద్దమనుషుల నుదుటి ముడతలు సాపు చేయడం, ఎవరినైనా సరే వాళ్ళ సొంత తమ్ముడిలా కనిపించేట్టు చేయడం నా వృత్తి. పొద్దస్తమానం మౌస్ తిప్పీ తిప్పీ ఒకరోజు నా కుడి మణికట్టు ఇక తిరగనని మొరాయించింది. డాక్టరు గారు బ్యాండేజీ చుట్టి, కొన్నాళ్ళు మౌస్ ముట్టుకోవద్దన్నారు. "మణికట్టును కదపకండి. భుజాన్ని మాత్రం బాగా ఆడించండి" అని కూడా చెప్పారు.

నేను షాపుకెళ్ళి ఈ మాట చెప్పగానే అన్వర్ భాయ్ ముఖం షట్టరు దించినట్టు అయిపోయింది.

"షాదీల సీజన్ షురూ అయింది స్రవంతీ. నువ్వేమో భుజం ఆడిస్త అంటున్నవ్. భుజంతోటి ఫ్లెక్సీ అయితదా?"

"అయితది భాయ్," అన్నాను.

ఎందుకన్నానని అడక్కండి. ఎవరైనా 'అవుతుందా' అని అడిగితే చాలు, నా నోరు 'అవుతుంది' అనేస్తుంది. ఆ తర్వాత మిగతా శరీరమంతా దాని వెనకాల పరుగెత్తాలి. నా జీవితంలో వ్యాయామం అంటూ జరిగింది అదొక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్క పోర్షన్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ, మోయలేక ఒక పాత వీడియో గేమ్ డబ్బా మాకు వదిలేసి పోయారు. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే టీవీలో టెన్నిస్ బంతి ఎగిరే రకం. అందులో బొమ్మలు గీసే ఆట కూడా ఒకటి ఉంది. టీవీ మీద ఒక నల్ల పట్టీ పెట్టాలి. దాని రెండు చివర్లా కంటికి కనబడని వెలుగు ఉంటుందట. రిమోట్ ముక్కు ఆ రెండు వెలుగుల్ని చూసుకుని, మన చెయ్యి ఎటు పోతోందో లెక్కగట్టి, తెర మీద గీత వేస్తుంది. రిమోట్ పైనున్న బటన్ నొక్కితే గీత పడుతుంది. అడుగున, చూపుడువేలికి తగిలే బటన్ నొక్కితే తుడిచేస్తుంది. ఇంతకు మించి శాస్త్రం ఏమీ లేదు. నన్ను నిలువునా ముంచడానికి అదే సరిపోయింది.

మొదట్లో నేను గీసిన ఏనుగు అమ్మకు టీపాయిలా కనిపించింది. టీపాయి గీస్తే ఏనుగన్నది. మణికట్టు తిప్పకుండా భుజంతో గీయాలి కదా, గీత ఎక్కడికక్కడ విరిగిపోయేది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నేను గీయడమెందుకు? ఇంట్లో రోజూ చేతులు ఎంత అందంగా తిరుగుతున్నాయో చూసి, వాటికి రిమోట్ కట్టేస్తే పోలేదా?

అమ్మ దోసె వేస్తుంటే గరిటె కాడకు, పై బటన్ నొక్కుకునే ఉండేట్టు, రబ్బరుబ్యాండుతో రిమోట్ బిగించాను. వంటింటి గుమ్మం నుంచి టీవీ తిన్నగా కనిపిస్తుంది. అమ్మ పిండి పోసి చుట్టూ తిప్పగానే తెర మీద మనిషి చెవి పడింది. లోపలి మడతలతో సహా, డాక్టర్ల గోడ మీద ఉండే పటంలోలాగా.

"ఏందే గిది?" అంది అమ్మ.

"చెవి. నువ్వే గీసినవ్. ఇంకో దోసె పొయ్యి, రెండో చెవి కావాలె."

మజ్జిగ చిలుకుతుంటే కవ్వానికి కట్టాను. ఉంగరాల జుట్టు వచ్చింది. చాట చెరుగుతుంటే కనుబొమలు వచ్చాయి. ఆ వారమంతా మా ఇంట్లో వండిన ప్రతి పదార్థానికీ ఒక ముఖం తయారయింది. ఒక శుక్రవారం పట్టీ వైరు ఊడిపోయి రిమోట్ పనిచేయకపోతే, అమ్మ దేవుడి దగ్గర వెలిగించిన రెండు దీపాలను తెచ్చి టీవీ ముందు పెట్టి చూశాను. రిమోట్ ఆ దీపాలనే పట్టీ అనుకుని చక్కగా గీసింది. దీపంలో కూడా ఆ కనబడని వెలుగు ఉంటుందని అప్పుడు తెలిసింది. నేను ఆ రోజు అద్దంలో నన్ను నేను చూసుకున్న తీరు, ఏదో గ్రహాన్ని కనిపెట్టిన మనిషి చూసుకున్నట్టు ఉంది.

సుబేదార్ రాజలింగం గారు మా షాపుకు వచ్చింది ఆ మర్నాడే. అసలు చెప్పాలంటే ముందు ఆయన మీసం వచ్చింది, వెనకాల ఆయన వచ్చారు. తెల్లని మీసం, నూనె రాసి దువ్వి, కొనలు రెండూ కళ్ళజోడు కాడల్ని అందుకోబోతున్నట్టు పైకి తిప్పి ఉన్నాయి. ఆయన పక్కన భార్య సుశీలమ్మ గారు, సన్నగా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, మాట పలుకు లేకుండా కూర్చున్నారు.

"మా పెండ్లయి యాభై ఏండ్లయితాంది బేటా," అన్నారు సుబేదార్ గారు. "కాలనీ హాల్ల ఫంక్షన్ పెట్టుకున్నం. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ కావాలె. ముందుగాల ఒక్క మాట. ఇప్పటిదాంక ఫోటో తీసినోళ్ళందరు నా మీసం కోసేసిండ్రు. ఇటు కొన వస్తే అటు కొన రాదు. ఇందుల మీసం పూరా రావాలె. మొగం జెర తక్కువైనా పర్వాలేదు."

సుశీలమ్మ గారు పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశారు.

"ఫ్లెక్సీ అందరు పెట్టుకుంటరు సార్," అన్నాను నేను.

ఇక్కడ నా నోరు ఎవరైనా మూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అన్వర్ భాయ్ ప్రయత్నించాడు కూడా. కౌంటరు కింద నుంచి నా కాలు తొక్కాడు. కానీ నా నోటికీ కాలికీ సంబంధం లేదు.

"స్టేజీ మీద పెద్ద తెర పెడదం. నేను చేతిల రిమోట్ పట్టుకుని గాలిల చెయ్యి ఊపుత. అందరు చూస్తుండంగనే తెర మీద మీ బొమ్మ పడతది. ఆఖరుకు మీసం. ఇటు కొన నుంచి అటు కొన దాంక."

"అందరి ముంగట?" సుబేదార్ గారి కళ్ళు మెరిశాయి. "మీసం ఎంత పెద్దగొస్తది?"

"తెర ఎంత పెద్దగుంటే అంత సార్."

ఆయన అప్పటికప్పుడు లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టారు. దండలు వేసిన ఫోటోలకు తప్ప ఎవరికీ నమస్కారం పెట్టని అన్వర్ భాయ్, వాళ్ళు వెళ్ళాక నాకు రెండు చేతులెత్తి పెట్టాడు. "నీకు చెయ్యి నొస్తుంది. నోరెందుకు నొస్తలేదో నాకు సమజైతలేదు," అన్నాడు.

ఇక సాధన మొదలైంది. చెవులకు దోసె, జుట్టుకు కవ్వం, కనుబొమలకు చాట ఉన్నాయి. స్టేజీ మీదికి వంటిల్లు తీసుకుపోలేను కాబట్టి ఆ కదలికలన్నీ ఒట్టి చేత్తో నేర్చుకున్నాను. మీసానికి మాత్రం ఏం చేసినా కుదరలేదు. మూడు రోజులు అట్లకాడతో, విసనకర్రతో, చివరికి చీపురుతో కూడా ప్రయత్నించాను. తోటకూర వచ్చింది కానీ మీసం రాలేదు. ఆఖరికి తట్టింది. మీసం రావాలంటే మీసం తిప్పే కదలికే కావాలి. రిమోట్‌ను మోచేతికి కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఛాతీ విరిచి, నా పై పెదవి మీద లేని మీసాన్ని బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుని మెలేశాను. మోచెయ్యి పైకి లేచింది. తెర మీద సుబేదార్ గారి మీసం కొన సుడి తిరిగి వచ్చి కూర్చుంది.

అప్పుడే అమ్మ కూరగాయల సంచీతో లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేస్తున్నవే?"

"మీసం మెలేస్తున్న."

"ఎవలి మీసం?"

"సుబేదార్ సాబ్‌ది."

అమ్మ సంచీ కింద పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేకపోవడం ఆవిడను మరింత భయపెట్టింది.

ఫంక్షన్ రోజు సాయంత్రం గేమ్ డబ్బా, ప్రొజెక్టరు, తెర అన్నీ ఆటోలో ఎక్కించుకుని నేనూ అన్వర్ భాయ్ సైనిక్‌పురి బయల్దేరాం. హాలు చేరి సామాను విప్పితే నల్ల పట్టీ రెండు ముక్కలుగా బయటికి వచ్చింది.

"భాయ్, మీరు కూసున్నది దేని మీద?"

"సీటు మీదనే. జెర గట్టిగ తగులుతుంటే ఆటోనే గట్ల ఉందనుకున్న."

తెలివైన మనిషైతే అక్కడ ఏం చేయాలి? తలనొప్పి అని చెప్పి ఇంటికి పోవాలి. నేను మాత్రం భాయ్ భుజం తట్టి, "పరేషాన్ కాకున్రి. రెండు దీపాలుంటే చాలు," అన్నాను. స్టేజీ మీద అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి ఇత్తడి దీపాలు వెలుగుతున్నాయి. ఆ రెంటినీ తెచ్చి తెర కింద జానెడు దూరంలో పక్కపక్కన పెట్టాను. కింద నుంచి ఒక పెద్దావిడ, "దీపాలు గట్ల ఇరుకుల పెట్టుడేందమ్మా?" అని అడిగింది. "ఇది టెక్నాలజీ అమ్మా," అన్నాను. ఆవిడ వెంటనే దీపాలకు దండం పెట్టుకుంది.

హాలంతా నిండిపోయింది. ముందు వరసల్లో సుబేదార్ గారి పాత స్నేహితులు, నిటారుగా, ఇస్త్రీ మడతలతో. వెనక కాలనీ కుటుంబాలు. సుబేదార్ గారూ సుశీలమ్మ గారూ స్టేజీ మీద ఒక పక్కగా, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కుర్చీల్లో కూర్చున్నారు. నేను స్టేజీ ముందు అంచున తెరకేసి తిరిగి, రిమోట్ పట్టుకుని నిలబడ్డాను. అన్వర్ భాయ్‌కి ఎవరో మైకు ఇచ్చారు. జీవితంలో మొదటిసారి మైకు దొరికిన మనిషి దాన్ని ఎలా పట్టుకుంటాడో అలా పట్టుకున్నాడు.

"భాయియో, బెహనో, అమ్మలారా. ఇప్పుడు మా స్రవంతి చెయ్యి ఊపుతది. మీరు తెర దిక్కు చూడున్రి. చెయ్యి దిక్కు చూడకున్రి, అది మంచిగుండదు."

మొదట ముఖం గీశాను. బ్రహ్మాండంగా వచ్చింది. గాలిలో దోసె వేశాను, చెవి పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంకో దోసె వేశాను, ఇంకో చెవి. చాట చెరిగాను, కనుబొమలు. కళ్ళు, ముక్కు, నోరు, తల మీద టోపీ. ఒక చిన్న సంగతి చెప్పాలి. నేను ముడతలు గీయలేదు. ఫ్లెక్సీలు చేసే చెయ్యి కదా, ముడతలు గీయడం దానికి రాదు, తుడవడమే వచ్చు. దాంతో తెర మీద సుబేదార్ గారు ఇంకా గడ్డం కూడా మొలవని కుర్రాడిలా తయారయ్యారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సుబేదార్ గారు వెనక్కి తిరగకుండా, జనం ముఖాల్లో తన ముఖం చూసుకుంటూ మురిసిపోతున్నారు.

మీసం కోసం ఆ ఆటలోనే విడిగా ఇంకో పొర తెరిచాను. తప్పు పోతే ముఖం చెడకుండా మీసాన్ని మాత్రం దిద్దుకోవచ్చని. ఆ సాయంత్రం నేను చేసిన ఏకైక తెలివైన పని అదే. నా కొంప ముంచింది కూడా అదే.

"ఇప్పుడు మీసం షురూ," అని ప్రకటించాడు అన్వర్ భాయ్.

కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతికి రిమోట్ కట్టుకుని, ఎడమ చేత్తో దాని బటన్ నొక్కి పట్టి, లేని మీసాన్ని మెలేశాను. ఎడమ కొన సుడి తిరిగింది. ముందు వరసలోంచి, "శభాష్" అని వినిపించింది. కుడి వైపు మొదలుపెట్టాను. సగం వచ్చింది.

అంతలో ఎవరో పెద్దమనిషి, "హారతి టైమైంది, మంచి ఘడియ దాటిపోతది," అన్నాడు. కాలనీ ఆడవాళ్ళు పళ్ళెంలో రెండు వత్తులు వెలిగించుకుని, పాట పాడుకుంటూ స్టేజీ ఎక్కారు. దంపతుల ముందు నిలబడి పళ్ళెం తిప్పడం మొదలుపెట్టారు. ఎక్కడ నిలబడ్డారంటే, సరిగ్గా నాకూ నా దీపాలకూ మధ్య.

నా రిమోట్‌కు రెండు వెలుగులు కావాలి. ఎవరి వెలుగులన్న పట్టింపు దానికి లేదు. దగ్గరగా, పెద్దగా, ఉత్సాహంగా తిరుగుతున్న హారతి పళ్ళెం కనబడగానే, దీపాలను వదిలేసి దానితో వెళ్ళిపోయింది.

బటన్ మీద వేలు అలాగే ఉంది కానీ నా చెయ్యి కదలడం లేదు. మీసం మాత్రం కదులుతోంది. కుడి కొన బుగ్గ దాటి, చెవి చుట్టూ తిరిగి, టోపీ మీదికెక్కి, అటు వైపు దిగి, గడ్డం కింద నుంచి మళ్ళీ పైకి వచ్చింది. పాట చరణానికి ఒక చుట్టు. సుబేదార్ గారి ముఖం ఉన్ని ఉండలో ఇరుక్కున్న పిల్లిలా కనిపించడం మొదలైంది.

"మీసం ఎటు పోతాంది?" అని వెనక వరస నుంచి ఎవరో అడిగారు.

అన్వర్ భాయ్‌కి ఏం చెప్పాలో తోచలేదు. మైకు మాత్రం చేతిలో ఉంది. "ఫౌజీ మీసం సాబ్. బార్డర్ దాంక పోయి వస్తది," అన్నాడు.

"అమ్మా, హారతి జెర ఆపుండ్రి," అని నేను బతిమాలాను.

పాడుతున్నావిడ పాట ఆపకుండానే నాకేసి కళ్ళెర్రజేసింది. పక్కనావిడ, "హారతి నడుమ ఆపుతరా పిల్లా? ఇంక మూడు చరణాలున్నయి," అంది.

నేను కంగారులో రిమోట్‌ను మోచేతి నుంచి లాగేసి గట్టిగా పిడికిట్లో బిగించాను. మణికట్టు నొప్పి గుర్తుకు రాలేదు. పై బటన్ వదిలేశాను కాబట్టి ఇక గీత ఆగిపోతుందనుకున్నాను. ఆగింది కూడా. కానీ అడుగున బటన్ ఒకటుందనీ, నా చూపుడువేలు దాని మీద ప్రాణభయంతో ఒరిగిపోయిందనీ నాకు తట్టలేదు. చరణం మారింది. పళ్ళెం తిరిగింది. గడ్డం కింద మీసం మాయమైంది. టోపీ మీది మీసం మాయమైంది. "హమ్మయ్య, దారికొస్తాంది," అని మైకులో అన్నాడు అన్వర్ భాయ్. చెవుల చుట్టూ ఉన్నది పోయింది. బుగ్గల మీదిది పోయింది. ఆడవాళ్ళు చివరి చరణం అందుకుని పళ్ళేన్ని దంపతుల ముఖాల దగ్గర అటూ ఇటూ ఊపి దించారు. పాట ముగిసింది.

తుడుపు మీసం పొర మీదే పడింది కాబట్టి, తెర మీద టోపీ, చెవులు, కళ్ళు, ముక్కు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముక్కుకీ నోటికీ మధ్య మాత్రం నున్నగా, కడిగిన పళ్ళెంలా ఉంది.

ఎక్కడో ఒక స్టీలు గ్లాసు కింద పడిన చప్పుడు వినిపించింది. చప్పట్లు వినబడకపోయేసరికి సుబేదార్ గారు మొదటిసారి వెనక్కి తిరిగారు. చెయ్యి మెల్లగా పైకి లేచి తన అసలు మీసాన్ని పట్టి చూసుకుంది.

"నా మీసం ఏది?"

"వస్తది సార్," అన్నాడు అన్వర్ భాయ్ మైకులో. "దారిల ఉంది."

నేను మళ్ళీ గీయబోయాను. అప్పుడు సుశీలమ్మ గారు కుర్చీలోంచి లేచారు. తెర దగ్గరికి నడిచి, తల పైకెత్తి ఆ నున్నటి ముఖాన్ని చూశారు. తర్వాత నా వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీయ్ బిడ్డా. ఏం ముట్టుకోకు."

అన్వర్ భాయ్ పరుగున వెళ్ళి మైకు ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని గమనించలేదు.

"మా ఇంటికి చూపులకొచ్చినప్పుడు గీ మొగమే," అన్నారు. "గిట్లనే నున్నగ, గిట్లనే భయంగ కూసున్నడు. చాయ్ ఇస్తే చెయ్యి వణికింది. గా పిల్లగాని మొగం చూసి నేను ఒప్పుకున్న. పెండ్లయి నెల కాకముందే డ్యూటీకి పోయిండు. ఏడాదికి వచ్చిండు. స్టేషన్ల ఎదురుకుందామని పోతే, ఇంత మీసమేసుకుని ఎవలో నా దిక్కు వస్తున్నడని నేను మా నాయిన వెనక దాక్కున్న. గా పిల్లగాడు మల్ల కనవడనే లేదు."

సుబేదార్ గారు నోరు తెరిచి చూస్తున్నారు. "యాభై ఏండ్లు. ఒక్కనాడు చెప్పలేదేంది?"

"నువ్వు ఒక్కనాడు అడిగినవా? వచ్చినోళ్ళందరిని అడుగుతివి మీసం ఎట్లుందని. నన్ను తప్ప."

ముందు వరసలో కూర్చున్న ఒక రిటైర్డ్ ఫౌజీ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. నేను రిమోట్ పట్టుకుని, ఈ చప్పట్లు నాక్కూడానా అని చుట్టూ చూశాను. సుశీలమ్మ గారు నా చేతిలో లడ్డూ పెట్టినప్పుడు, నాక్కూడా అని నిర్ధారించుకున్నాను. నా అంతటి కళాకారిణి సికింద్రాబాదులో లేదని తిరుగు ప్రయాణంలో ఆటో దిగేదాకా అన్వర్ భాయ్‌కి వివరించాను. ఆయన కార్ఖానా వచ్చేదాకా కళ్ళు మూసుకుని, నిద్రపోతున్నట్టు నటించాడు.

అక్కడితో అయిపోతే ఇది విజయగాథ అయ్యేది.

కొద్ది రోజుల తర్వాత పొద్దున్నే షాపులోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. ముఖం చూస్తే తొక్క తీసిన సొరకాయ గుర్తుకొచ్చింది. "ఏం కావాలె సార్?" అన్నాను. ఆయన వెనక నుంచి సుశీలమ్మ గారు లోపలికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"గుర్తు పట్టలే కదా?" అన్నారా కొత్త మనిషి, సుబేదార్ గారి గొంతుతో. "ఈమె మాట విని మీసం తీసేయిస్తే ఎవలు గుర్తు పడుతలేరు. కాలనీ గేటు కాడ వాచ్‌మన్ ఎవరింటికి పోవాలె అని అడిగిండు. నా ఇంటికే అంటే నమ్మడు. నా కుక్క నన్ను చూసి మంచం కిందికి దూరింది. తలుపు కొడితే ఈమె తీసి, సార్ ఇంట్ల లేరని చెప్పింది."

"ఆంటీ, మీరే కదా ఆ మొగం కావాలన్నరు?" అన్నాను.

సుశీలమ్మ గారు కొంగు తీశారు. నవ్వే. "బొమ్మల మంచిగుండె బిడ్డా. బొమ్మల ఉన్నోనికి ఇరవై ఏండ్లు. ఈయనకు డెబ్బై దాటినయి. మీసం కింద ఇంత జాగ ఖాళీగుందని నాకేం ఎరుక?" మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం మా రెజిమెంటు దోస్తులందరు కలుస్తున్నం," అన్నారు సుబేదార్ గారు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నా వైపు వంగారు. "నువ్వే తీసినవ్. నువ్వే పెట్టు."

"పెట్టుడు అయితదా సార్?" అన్నాడు అన్వర్ భాయ్ దిగులుగా.

ఆయన అడిగింది సుబేదార్ గారిని. ఆ మాట గాలిలో ఉండగానే నా నోరు అందుకుంది. "అయితది."

షాపులో స్టిక్కర్లు కోసే మెషీన్ ఉంది. బండ్ల మీద, అద్దాల మీద అతికించే రకం. తెల్లటి స్టిక్కర్ మీద సన్నగా వెంట్రుకలు గీసి, పాత ఫోటోల్లోంచి కొలతలు తీసి, మీసం కోశాం. అతికిస్తే ఆయన అద్దంలో చూసుకుని, చాలా రోజుల తర్వాత సెల్యూట్ కొట్టారు. సుశీలమ్మ గారు కూడా, "గిప్పుడు మా ఆయన లెక్కున్నడు," అన్నారు. అన్వర్ భాయ్ తృప్తిగా తలూపాడు.

ఆదివారం జరిగింది నేను చూడలేదు. సుశీలమ్మ గారే ఫోన్ చేసి, మధ్య మధ్య నవ్వు ఆపుకుంటూ చెప్పారు. మిత్రులంతా కలిశారు. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు. ఒక పాత స్నేహితుడు ఆనందం పట్టలేక, "ఈ మీసం ఇంకా గట్లనే ఉందిరా," అంటూ ప్రేమగా కొన పట్టుకుని లాగాడు. మీసం మొత్తం, ఒక్క వెంట్రుక కూడా వదలకుండా, ఆయన చేతిలోకి వచ్చేసింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అందరికీ వినపడేట్టు గట్టిగా చదివాడు. మా షాపు పేరు, కార్ఖానా చిరునామా, ఫోన్ నంబరు. అన్వర్ భాయ్ ఏ స్టిక్కరు కోసినా వెనక పేరు అచ్చు వేయకుండా బయటికి పంపడు.

పరువు పోయిందని మేము రెండు రోజులు షట్టరు సగమే ఎత్తి కూర్చున్నాం. మూడోనాడు ఆ సగం షట్టరు కిందినుంచి నిటారైన ప్యాంట్లు, మెరిసే బూట్లు వరసగా కనిపించాయి. షట్టరు పూర్తిగా ఎత్తితే నలుగురు రిటైర్డ్ ఫౌజీలు క్యూలో నిలబడి ఉన్నారు. మొదటాయన గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు.

"బేటా, మా ఇంట్ల ఆమె సుత అడిగితే మీసం వద్దనే అంటున్నది. తీసేస్తే భయమైతాంది అంటది. ఇంట్ల ఉన్నప్పుడు తీసి, బయటికి పోయేటప్పుడు పెట్టుకునేటిది చేస్తరట కదా. నాకు నల్లది."

అన్వర్ భాయ్ అప్పటికే నిచ్చెన వేసుకుని షాపు ముందు కొత్త బోర్డు కడుతున్నాడు. 'ఇచ్చట పెండ్లి ఫ్లెక్సీలు, స్టిక్కర్లు మరియు మీసములు తయారు చేయబడును.'

అందుచేత, ఇది చదువుతున్న మీ అందరినీ సాక్షులుగా పెట్టుకుని, కుడిచెయ్యి ముందుకు చాచి, ఆ చేతిలో రిమోట్ ఏదీ లేదని ముందుగా చూపించి, నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పెళ్ళయిన ఏ మగవాడి ముఖం మీదా, ఆయన భార్యను విడిగా పిలిచి అడగకుండా, గాలిలో గానీ కాగితం మీద గానీ ఒక్క వెంట్రుక కూడా గీయను, తుడవను, అతికించను. ఎవరైనా వచ్చి 'అయితదా' అని అడిగితే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అన్వర్ భాయ్ వైపు చూపిస్తాను.